పవన్ గట్టు

పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలని ఎలుకలు కూర్చుని మాట్లాడుకున్నాయంటారు. మా చిన్నకయ్యలపల్లెలో ఆ మాత్రం మాట్లాడుకున్న ఎలుక కూడా లేదు. పక్కింటి ఆడపిల్ల ఆసుపత్రిలో పడి ఉంటే, ఊళ్ళో మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మా ఇంటికి వచ్చారు. నా చేతి కాఫీ తాగి, "పాప స్పీడుగా వచ్చిందంట కదన్నా" అని మా ఆయనతో చెప్పి, మూతి తుడుచుకుని పోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పాప స్పీడుగా రాలేదు. పాప పడేటప్పుడు నేను అరుగు మీదే ఉన్నాను, నా కళ్ళతో చూశాను. ఈ మాట మొదటి రోజు నుంచే చెప్తున్నాను. వినేవాడు లేకపోతే చెప్పేదాని తప్పా?

నా పేరు వనజమ్మ. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే రోడ్డు మా పల్లె దగ్గర ఒక మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో రోడ్డుకు ఆనుకుని ఉండే మిద్దె మాది. మా ఆయన నారాయణ. చుట్టుపక్కల పల్లెల్లో ఆయన ఎదురొస్తే కూర్చున్నవాళ్ళు లేచి నిలబడతారు. పంచాయతీలు ఆయన మాటతో తెగుతాయి. తెగవలసినట్టే తెగుతాయని నేను అనను గానీ, తెగుతాయి. మాకు ఒక్కడే కొడుకు, పవన్. ప్రొద్దుటూరులో డిగ్రీ చదివేవాడు.

వాడు చదివేటప్పుడే టౌనులో అద్దె సైకిళ్ళ స్కీము వచ్చింది. బస్టాండు దగ్గర, కాలేజీల దగ్గర, మార్కెట్టు దగ్గర ఆకుపచ్చ సైకిళ్ళు వరుసగా నిలబెట్టారు. సెల్లు చూపిస్తే తాళం ఊడుతుంది. ఎక్కడ కావాలంటే అక్కడి స్టాండులో వదిలేసి పోవచ్చు. పల్లెల నుంచి కాలేజీకి వచ్చే పిల్లలకు ఉపయోగమని మా మలుపులో కూడా ఒక స్టాండు పెట్టారు, సరిగ్గా మా ఇంటికి ఎదురుగా, రోడ్డుకు అవతల. మా పవన్ ఆ సైకిళ్ళంటే ప్రాణం పెట్టాడు. ఇంట్లో పెద్ద మోటారు బండి ఉంది, దాన్ని ముట్టుకునేవాడు కాదు.

"ఇంట్లో బండి పెట్టుకొని అద్దె సైకిల్ తొక్కేదేందిరా? చూసినోళ్ళు నారాయణకు పెట్రోలు పోసే గతి లేదనుకోరా?" అని వాళ్ళ నాయన కసురుకునేవాడు.

"ఇది అద్దెది కాదు నాయనా, అందరిదీ. నేను దిగినాక ఇంకొకరు ఎక్కుతారు."

"అదే కదరా నేను చెప్తాండేది. ఎవరెవరో కూచున్న సీటు మీద నువ్వు కూచునేదేందని!"

వాడు నవ్వేసేవాడు. వాడికి కోపం నా దగ్గర నుంచి రాలేదు, అదే మేలు.

ఒకరోజు పొద్దున ఇంట్లో దోసె తిని, రోడ్డు దాటి, స్టాండులో సైకిల్ తీసుకున్నాడు. ప్రొద్దుటూరు వైపు తిరగాలంటే మళ్ళీ రోడ్డు దాటి మా ఇంటి వైపుకు రావాలి. వస్తున్నాడు. మలుపు చాటు నుంచి నాపరాళ్ళ లారీ వచ్చింది. అంతకంటే నేను చెప్పలేను. ఆసుపత్రి దాకా కూడా పోలేదు వాడు. లారీ డ్రైవరు రోడ్డు మీద కూలబడి, "కనపడలేదమ్మా, మలుపులో కనపడలేదు" అని నా కాళ్ళు పట్టుకున్నాడు. కాళ్ళు విదిలించుకున్నాను.

దినాలు అయిపోయాక మా ఆయన రోడ్డాఫీసుకు పోయాడు. మా మలుపులో స్పీడ్ బ్రేకర్ వెయ్యమన్నాడు. అది పెద్ద రోడ్డనీ, ఎక్కడ పడితే అక్కడ వెయ్యకూడదనీ, కొలతలు తీసి పైకి రాయాలనీ వాళ్ళు చెప్పారు. మర్నాడు పొద్దున్నే మా చేలో పనిచేసే మనుషుల్ని పిలిపించాడు. సిమెంటు, ఇసుక, కంకర ట్రాక్టరులో దింపించాడు. రోడ్డుకు రెండు పక్కలా ఎద్దుల బండ్లు అడ్డం పెట్టించి, తానే నెత్తిన తువ్వాలు కట్టుకుని నిలబడి గట్టు వేయించాడు. పొద్దు తిరగకముందే పని అయిపోయింది.

వాళ్ళు వరి కయ్యలకు గట్లు వేసే మనుషులు. వాళ్ళకు తెలిసిన గట్టు ఒకటే. నీళ్ళు కోత పెట్టకుండా రెండు పక్కలా నిటారుగా చెక్కాలి, పైన మనిషి నడవడానికి చదును ఉండాలి. రోడ్డు మీద కూడా అదే వేశారు, మట్టికి బదులు సిమెంటుతో. అచ్చం చిన్న గోడ. బండి ఎక్కడానికి వాలు ఉండాలని ఎవరికీ తోచలేదు. తోచినవాడు ఉన్నా నారాయణ ముందర నోరు విప్పేవాడు కాదు. నాకు మాత్రం ఆ రోజు అది ఇంకా ఎత్తుగా ఉంటే బాగుండుననిపించింది. కొడుకును పోగొట్టుకున్న తల్లికి కొలతలేం తెలుస్తాయి?

ఆ గట్టు వేశాక లారీలన్నిటికీ పొగరు దిగింది. దాని ముందర ఆగినంత పని చేసి, మూలుగుతూ ఎక్కి, మూలుగుతూ దిగేవి. నేను సాయంత్రాలు అరుగు మీద కూర్చుని అదే చూసేదాన్ని. నాపరాళ్ళ లారీ కనిపిస్తే లేచి నిలబడి మరీ చూసేదాన్ని. 'దిగవే, మెల్లగా దిగు, ఇప్పుడు తెలిసొచ్చిందా నీకు' అని లోపల తిట్టుకునేదాన్ని. నా కడుపు మంట కొంచెం చల్లారేది.

జనం దానికి పవన్ గట్టు అని పేరు పెట్టారు. బస్సు కండక్టర్లు కూడా "పవన్ గట్టోళ్ళు ముందుకు రాండప్పా" అని కేక వేసేవాళ్ళు. అది వినడానికే మా ఆయన ఎర్రబస్సు వచ్చే వేళకు అరుగు మీదకు వచ్చేవాడు. "వాని పేరు ఊరికే పోలేదు వనజా, దినామూ పలుకుతాండారు" అనేవాడు. పండగలకు ఇంటికి సున్నం కొట్టించినప్పుడు గట్టుకు కూడా కొట్టించేవాడు. టైర్లకు ఆ సున్నం వారం కూడా నిలిచేది కాదు.

గట్టు సంగతి తెలిసినవాళ్ళు మెల్లగా పోయేవాళ్ళు. తెలియనివాళ్ళు పడేవాళ్ళు. ఒక పాలవాడు క్యాన్లతో సహా బోర్లా పడ్డాడు. మైలవరం నుంచి పెళ్ళికి పోతున్న మొగుడూ పెళ్ళాలు పడి, ఆ పిల్ల పట్టుచీర మోకాళ్ళ దగ్గర చిరిగి రక్తం కారింది. పడినవాళ్ళను మా ఆయనే లేపి అరుగు మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్ళిచ్చి, "కండ్లు యాడ పెట్టుకొని వస్తాండావప్పా?" అని మందలించేవాడు. వాళ్ళు ఎదురు ఆయనకే దండం పెట్టి, "తప్పయిందన్నా, చూసుకోలేదు" అని కుంటుకుంటూ పోయేవాళ్ళు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే ఊరంతా మూడే కాళ్ళని లెక్కపెట్టింది.

మా గోడకు ఆనుకుని పీరాంబీ ఇల్లు. నేను పీరక్కా అని పిలుస్తాను. మొగుడు లేడు, కొడుకూ కోడలూ కువైట్‌లో ఉంటారు. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని రవికెలు కుట్టి మనవరాలిని సాకింది. ఆ మనవరాలు ఆర్షియా. ప్రొద్దుటూరులో నర్సు ట్రైనింగుకు పోతుంది. పవన్ పోయిన రోజుల్లో మా ఇంట్లో పొయ్యి వెలగకపోతే, పీరక్కే అన్నం వండి గోడ మీదుగా అందించింది. ఆర్షియా నా పక్కన కూర్చుని, తిను అత్తా, ఒక్క ముద్ద తిను, అని చంటిపిల్లకు పెట్టినట్టు పెట్టింది.

ఆ పాప కూడా అద్దె సైకిల్ మీదే పోయి వచ్చేది. బస్సు కోసం కాచుకుంటే ట్రైనింగు టయానికి అందదు. గట్టు దగ్గరికి వచ్చేసరికి రోజూ దిగి, సైకిల్‌ను చేత్తో ఎత్తి అవతల పెట్టి, నడిపించుకుంటూ స్టాండుకు పోయేది. ఎత్తేటప్పుడు నా వైపు చూసి నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వులో ఉన్న తెలివి నాకు అప్పుడు ఎక్కలేదు.

దీపాలు పెట్టే వేళ. ప్రొద్దుటూరు వైపు నుంచి పాప వస్తోంది. వెనక ఒక వ్యాను హారన్ కొట్టుకుంటూ పైపైకి వస్తోంది. ఎదురుగా బస్సు లైట్లు. పాప దిగాలని కాలు కిందికి పెట్టబోయింది. దిగితే వ్యాను కింద పడుతుంది. అరుగు మీద నుంచి "పక్కకు రా పాపా!" అని అరిచాను కూడా. ఆ హారన్లో నా అరుపు ఎవరికి వినపడుతుంది? సైకిల్‌ను గట్టు ఎక్కించబోయింది. ఆ సైకిళ్ళ చక్రాలు చిన్నవి. ముందు చక్రం గోడకు తగిలి అక్కడే నిలిచిపోయింది, పాప మాత్రం ఎగిరి అవతల తల నేలకు కొట్టుకునేలా పడింది. వ్యాను బ్రేకు వేసి, పక్కకు తిప్పుకుని, ఆగకుండా వెళ్ళిపోయింది.

నేను పోయి తల ఒళ్ళో పెట్టుకున్నాను. కుడి కన్ను పక్కనంతా వాచిపోతోంది. "అత్తా, సైకిల్ స్టాండులో పెట్టల్ల" అంది. తర్వాత మాట్లాడలేదు.

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో కట్లు కట్టి, రెండు రోజులు ఉంచుకుని, తలకు పెద్ద స్కానింగు చెయ్యాలని పులివెందులకు పంపించారు. ఊళ్ళో మగవాళ్ళు మా కాఫీ తాగి పోయింది ఆ రెండు రోజుల్లోనే. పులివెందుల నా పుట్టినిల్లు. మా తమ్ముడు ఓబులేసు అక్కడే ఉంటాడు. పీరక్కను తమ్ముడి ఇంట్లో దించి, నేనూ అక్కడే ఉండిపోయాను. మొదట్లో మూడు పూటలూ క్యారియరు పట్టుకుని ఆసుపత్రికి పోయేదాన్ని. మా ఆయన ఒకసారి వచ్చి, మందుల చీటీలన్నీ తీసుకుని, కావలసినవన్నీ కొనిచ్చి పోయాడు. పాప మొహం వైపు మాత్రం చూడలేదు.

ఒక మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉండగా పీరక్క తనంతట తానే మొదలుపెట్టింది.

"మా పిల్లదే తప్పు వనజమ్మా. చూసుకోలేదు. నసీబు అట్ల ఉంది."

నాకు తిక్క రేగింది. "నేను చూసినా పీరక్కా. పాప దిగబోయింది. వెనక వ్యానోడు దిగనియ్యలేదు. అది గట్టు కాదు, గోడ. గోడకు గుద్దుకొని పడింది. తప్పు నా మొగునిది. నువ్వు ఆ మాట చెప్పల్ల గానీ, ఇట్ల మాట్లాడతావేంది?"

పీరక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు చెప్తావు తల్లీ. నీ మొగుడు, నీ ఇల్లు. నేనెట్ల చెప్పేది? మా గోడ మీ గోడకు ఆనుకొని ఉంది. ఆ గట్టు మీ పిల్లోని పేరు మీద ఉంది. నా నోటితో దాన్ని తియ్యమంటే పవన్‌ను ఇంకోసారి చంపమన్నట్టు గాదా? వానికి గుడ్లు ఉడకబెట్టి పెట్టిన చేతులివి."

ఆమె భయపడి అబద్ధమాడితే నేను తట్టుకునేదాన్ని. ఆమె నా కొడుకు కోసం అబద్ధమాడింది.

ఆ సాయంత్రం డాక్టరు చెప్పాడు, తల బాగవుతుంది గానీ కుడి కన్ను చూపు రాదని. లోపలి నరం పోయిందన్నాడు. "కన్ను చూసేదానికి బాగానే ఉంటుందమ్మా" అని కూడా అన్నాడు, మంచి మనిషి. చూడ్డానికి బాగుండి ఏం లాభం?

మా ఓబులేసు రోడ్డు పనుల కాంట్రాక్టరు. వాడి దగ్గర జేసీబీ ఉంది. రాత్రి అన్నం పెడుతూ అడిగాను. "నీ మిషను ఒక్క పూట పంపించు. గట్టు పెళ్ళగించి పోతుంది."

వాడు ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. "బావ చెప్పినాడా?"

"నేను చెప్తాండా."

"నువ్వు చెప్తే శాలదక్కా. బావ ముందర మిషను నిలబెట్టి పవన్ గట్టు కొట్టేదానికి నాకు గుండెకాయ లేదు. ఆ మనిషి కొడుకును కాల్చి వచ్చిన నాడు కూడా ఏడ్వలేదు, తెలుసు కదా? ఆ గట్టు చూసుకొనే బతుకుతాండాడు."

"నేను దేన్ని చూసుకొని బతుకుతాండానని మీలో ఒక్కరన్నా అడిగినారంట్రా?" అన్నాను. వాడు తల వంచుకుని తిన్నాడు.

పాప దగ్గర ఓబులేసు ఇంటి ఆడవాళ్ళను ఉంచి, బట్టల కోసం నేనూ పీరక్కా పల్లెకు తిరిగి వచ్చేసరికి మా ఇంట్లో రోడ్డాఫీసు ఇంజనీరు కూర్చుని ఉన్నాడు. ప్రమాదం జరిగిందని కాగితం పోయిందట, చూడ్డానికి వచ్చాడు. కుర్రవాడు, చొక్కా చెమటకు తడిసిపోయింది. మలుపులో ఇట్లాంటిది ఉండకూడదనీ, దీన్ని తీసేస్తే తాము కొలిచి, ముందుగా తెలిసేలా రోడ్డు మీద అడ్డగీతలు వేసి, బోర్డులు, మెరిసే దీపం పెడతామనీ చెప్పాడు.

"ముందు నువ్వు పెట్టప్పా, తర్వాత నేను తీస్తా" అన్నాడు మా ఆయన.

"ఇది ఉండగా అవి పెట్టకూడదు సార్. ఇది తీస్తేనే..."

"ఇది తీసి, నువ్వు పెట్టేలోపల ఇంకొకని పిల్లోడు పోతే? నువ్వు వచ్చి నిలబడతావా ఆడ?"

ఇంజనీరు నా వైపు చూశాడు. నేను అప్పుడే అన్నాను, "తీసేయి నాయనా, నేను చెప్తాండా" అని. ఆ అబ్బాయి నా మొహం చూశాడు, ఆయన మొహం చూశాడు, కాఫీ గడగడా తాగేసి, "మళ్ళీ వస్తా సార్" అని జీపెక్కాడు. ఎవరికి వారే యమునా తీరే!

"నలుగురిలో నన్ను తక్కువ చేస్తావా?" అన్నాడు మా ఆయన, జీపు పోయాక.

"నువ్వు తక్కువ గావు, ఎక్కువ గావు. పాపకు కన్ను పోయింది. నీకు తెలుసా ఆ మాట?"

తెలియదు. మొహం ఒక్కసారిగా వాడిపోయింది. కుర్చీ చెయ్యి పట్టుకుని, "రేపు సున్నం కొట్టిస్తా. రేడియం చుక్కలు తెప్పించి అతికిస్తా" అన్నాడు.

"సున్నమా! కన్ను పోయిందంటే సున్నం కొడతానంటాడే ఈ మనిషి!" అని నేను గొంతు చించుకున్నాను. పెళ్ళయిన నాటి నుంచి మేం పోట్లాడుకోని నెల లేదు గానీ, అట్లా నేనెప్పుడూ అరవలేదు. ఆయన లేచి లోపలికి పోయి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున ముగ్గు వేసి, పాలు కాచి, పశువుల కొట్టంలో ఉన్న గడ్డపార భుజాన వేసుకుని రోడ్డు మీదకు పోయాను. అప్పుడే కాలేజీ పిల్లలు స్టాండు దగ్గర చేరుతున్నారు. బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళు, "వనజక్కా, ఏందిది, ఏంది?" అంటూ దగ్గరికి వచ్చారు. "ఏం గాదు, గట్టు చెక్కుతాండా" అన్నాను. గడ్డపార ఎత్తి ఒక దెబ్బ వేశాను. సిమెంటు మీద గీత కూడా పడలేదు, నా భుజం మాత్రం జిల్లుమంది. ఇంకోటి వేశాను. అంచు నుంచి ఒక పెంకు రాలింది.

మా ఆయన బనీను మీదే పరిగెత్తుకుంటూ వచ్చాడు. వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. నడిరోడ్డు మీద, అంత మంది చూస్తుండగా.

"ఇప్పుడు కొట్టు. నన్ను కొట్టి తియ్యి."

"లెయ్యి."

"లెయ్యను."

రెండు పక్కలా బండ్లు నిలిచిపోయాయి. ఎవరూ హారన్ కొట్టలేదు, కూర్చున్నది నారాయణ మరి. పీరక్క గడప దాటి వచ్చి, "వద్దు వనజమ్మా, నీకు దండం పెడతా, వద్దు" అని నా చెయ్యి పట్టుకుంది. నేను విడిపించుకున్నాను.

"ఇది తీస్తే వాడు యాడుంటాడే?" అన్నాడు మా ఆయన. "చెప్పు. బస్సులో వాని పేరు అంటాండారు. ప్రతి లారీ వానికి తల వంచి పోతాంది. ఇది కూడా తీసేస్తే వాడు యాడుంటాడు?"

నేను గడ్డపార కింద పెట్టి ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆయన్ని ఎన్నడూ పేరు పెట్టి పిలిచినదాన్ని కాదు.

"వాడు యాడా లేడు నారాయణా" అన్నాను. "ఈడా లేడు, బస్సులోనూ లేడు. మన కొడుకు చచ్చిపోయినాడు. ఆర్షియా ఉంది. ఒక కన్నుతో ఉంది. నువ్వు లెయ్యి."

ఆయన రెండు చేతులూ గట్టుకు ఆనించి, ముసలివాడిలాగా లేచాడు. నా పక్కన ఉన్న గడ్డపార తీసుకున్నాడు. నన్ను కొడతాడేమోనని పీరక్క అడ్డం వచ్చింది. ఆయన గట్టు మీద వేశాడు మొదటి దెబ్బ. వేసిన ప్రతి దెబ్బకూ నోట్లోంచి ఒక మూలుగు వచ్చేది. అది వేసిన మనుషులే గునపాలు, సమ్మెటలు తెచ్చుకుని వచ్చి చేరారు. ఎండ ఎక్కేసరికి రోడ్డు చదునైంది.

పెళ్ళలు ఎత్తి పక్కన పోశాక మొదట వచ్చింది ఒక నాపరాళ్ళ లారీ. కొంచెం కూడా తగ్గకుండా వెళ్ళింది. ఆ గాలికి నా చీర కుచ్చెళ్ళు లేచాయి. నేను పోయి అరుగు పట్టుకుని కూర్చున్నాను. నేను చేసింది మంచి పనే. అయినా ఆ రాత్రి బండ్లు మలుపులో రయ్యిమని పోతుంటే, ప్రతి బండికీ ఉలిక్కిపడి లేచి కూర్చున్నాను.

ఇంజనీరు వచ్చి కొలతలు తీసుకుని పోయాడు. గీతలు వస్తాయి, దీపం వస్తుంది అంటున్నారు. వచ్చేదాకా మా ఆయన ఊరుకోలేదు. పొద్దున కాలేజీ వేళకూ, సాయంత్రం దీపాల వేళకూ ఎర్ర తువ్వాలు పట్టుకుని రోడ్డు అంచున నిలబడి, వచ్చే బండ్లకు మెల్లగా పొమ్మని ఊపడం మొదలుపెట్టాడు. కొందరు తగ్గించేవాళ్ళు. కొందరు కిటికీలోంచి తల బయట పెట్టి, "ఏయ్ ముసలోడా, సావాలని ఉందా?" అని అరిచి పోయేవాళ్ళు. పంచాయతీలు తెంపిన మనిషి అవన్నీ విని కూడా తువ్వాలు ఊపుతూనే ఉండేవాడు. ఊళ్ళో మగవాళ్ళు అటువైపు చూడకుండా తల తిప్పుకుని పోయేవాళ్ళు. నాకు జాలీ వేసేది, కోపమూ వేసేది.

ఆర్షియా ఇంటికి వచ్చింది. మొదట్లో గుమ్మాలు తగిలించుకునేది, నీళ్ళు గ్లాసులో కాకుండా పక్కన పోసేది. పీరక్క చాటుకు పోయి ఏడ్చేది. పాప ఏడవలేదు, రోజూ గోడ పట్టుకోకుండా వీధిలో నడవడం నేర్చుకుంది. ఒక పొద్దున యూనిఫాం వేసుకుని, బ్యాగు తగిలించుకుని బయటికి వచ్చింది. ట్రైనింగుకు పోతానంది. సైకిల్ మీదే పోతానంది.

"యా అల్లా, మళ్ళా ఆ సైకిలా! బస్సులో పో బేటీ" అని పీరక్క లబలబలాడింది.

"బస్సు టయానికి రాదు జేజీ. నేను మెల్లగా పోతాలే" అంది పాప.

పాప రోడ్డు అంచున నిలబడింది. స్టాండు అవతల ఉంది, దాటాలి. మా ఇంటి వైపు నుంచి దాటేవాళ్ళకు బండ్లు మొదట కుడి పక్క నుంచే వస్తాయి, జమ్మలమడుగు వైపు నుంచి, ఆ మలుపులోంచి. పాపకు కుడి కన్ను లేదు. మా ఆయన తువ్వాలు తీసుకుని గబగబా పోయి, పాప కుడి పక్కన నిలబడ్డాడు, ఒక చెయ్యి చాచి, గోడలాగా. పాప పడినప్పటి నుంచి దాని ఎదుటికి పోవడం అదే మొదలు.

ఆర్షియా తల పూర్తిగా కుడి వైపుకు తిప్పింది. ఆయన ఛాతీ అడ్డం ఉంది.

"మామా, నేను తల తిప్పి చూసుకోవల్ల" అంది. కోపం లేదు దాని గొంతులో, ప్రేమా లేదు. "నువ్వు అడ్డం నిలబడితే నాకు బండి కనపడదు. జరుగు."

ఆయన ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. పాప మలుపు వైపు చూసింది, ఇటు చూసింది, మళ్ళీ మలుపు వైపు చూసి దాటింది. సైకిల్ తీసుకుని, అట్లాగే తల తిప్పి తిప్పి చూసుకుంటూ తిరిగి ఇవతలికి దాటి, ప్రొద్దుటూరు వైపు తొక్కుకుంటూ పోయింది. వెనక్కి చూడలేదు.

ఆయన రోడ్డు పక్కన మట్టిలో నిలబడి ఉన్నాడు. తువ్వాలు కింద పడితే తీసుకోలేదు. నేను దగ్గరికి పోయాక నా మొహంలోకి చూసి, "మరి నేను యాడ నిలబడల్ల వనజా?" అని అడిగాడు.

"యాడన్నా నిలబడు. ఆ పిల్లకు అడ్డం మాత్రం నిలబడొద్దు" అన్నాను. అని, ఆయన్ని అక్కడే వదిలి లోపలికి వచ్చి, తలుపు వేసుకుని, నా కొడుకు కోసం గుండెలు బాదుకుని ఏడ్చాను.